తెలుగు ఉత్తరానికి దారి: పెర్ల్ భాషలో ఈమెయిలు

ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన విశ్రాంత ఉద్యోగి ఒకరు ఆ మధ్య కోల్‌కతాలో మమ్మల్ని కలుసుకున్నారు. వైద్య సహాయ కార్డు పునరుద్ధరణకు గడువు దాటిపోయిందని ఆయన ఆవేదన. "ముందుగానే ఈమెయిలు పంపారు కదండీ" అన్నాము. ఆయన తమ ఫోను తెరచి చూపించారు. ఉత్తరంలో విషయం ఉండవలసిన చోట వరుసగా ప్రశ్నార్థక చిహ్నాలు. లోపల కూడా అవే. "ఏదో దొంగ ఉత్తరమనుకుని వదిలేశానండీ" అన్నారు. తెలుగువారికి తెలుగులోనే తెలియజేయాలన్న సత్సంకల్పంతో ఒక కార్యాలయం పంపిన ఉత్తరమది. కార్డు మళ్ళీ చేతికందే వరకు మందుల ఖర్చు ఆ వృద్ధ దంపతులే భరించారు.

దోషం ఎక్కడ ఉన్నది? ఆ ఉత్తరాలను పంపినది పెర్ల్ భాషలో ఎవరో చేతితో అల్లిన చిన్న ప్రోగ్రాము. 1987లో లారీ వాల్ రూపొందించిన ఈ భాష, అక్షరరాశులను మలచడంలో మిక్కిలి నేర్పరి. అయితే ఉత్తరాన్ని పంపే ముందు తెలుగు లేని పాత లాటిన్ అక్షరపట్టికలోకి మార్చమని ఆ ప్రోగ్రాము ఆదేశించింది. పట్టికలో లేని ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం వచ్చి కూర్చున్నది.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1851లో కలకత్తా, డైమండ్ హార్బరుల నడుమ తంతి వార్తలు నడిచిన కాలం నుండి దూరవార్తకు రోమను లిపిదే పెద్దపీట. 1982 నాటి ఈమెయిలు నిబంధనలు సైతం 128 గుర్తులకే చోటిచ్చాయి. 1992లో వచ్చిన 'మైమ్' పద్ధతి ఇతర లిపులకు ద్వారం తెరచింది. యూనికోడ్‌లోని ప్రతి తెలుగు గుర్తు యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు. బేస్-64 పద్ధతి ప్రతి 3 బైట్లను 4 రోమను గుర్తులుగా మారుస్తుంది. అందుచేత 'ల' అనే అక్షరం '4, ఎల్, సి, వై' అనే వేషం ధరించి ప్రయాణిస్తుంది. గమ్యం చేరాక వేషం విడిచి మళ్ళీ 'ల' అవుతుంది. ఏ వేషం వేసినదీ ఉత్తరంపై స్పష్టంగా రాసి ఉండాలి, అంతే.

ఈ పనులన్నిటికీ 1995 నుండి నడుస్తున్న 'సీపాన్' భాండాగారంలో సిద్ధమైన ఉపకరణాలున్నాయి. ఉత్తరాన్ని తయారుచేయడానికి 'ఈమెయిల్::మైమ్'. విషయాన్ని, సారాంశాన్ని అక్షరరాశిగా అందించి యూటీఎఫ్-8 అని చెబితే, వేషధారణ అది చూసుకుంటుంది. పొడవైన విషయాన్ని సైతం అక్షరం మధ్యలో తెగకుండా విడదీస్తుంది. చేతితో అల్లిన ప్రోగ్రాములు తరచు తప్పేది ఇక్కడే. పంపడానికి 'ఈమెయిల్::సెండర్'. విఫలమైతే ఇది మౌనంగా ఉండక మొర పెడుతుంది. ఉత్తరం ఎవరికీ పోకుండా జ్ఞాపకంలోనే నిలిపే పరీక్షామార్గం కూడా ఇందులో ఉన్నది. వచ్చిన ఉత్తరాల పెట్టెలను సర్దడానికి 'మెయిల్::బాక్స్'. ఒకప్పుడు ప్రసిద్ధి పొందిన 'మైమ్::లైట్'ను ఇక వాడవద్దని దాని నిర్వాహకులే సూచిస్తున్నారు. పాత ప్రోగ్రాములు చూసేవారు గమనించగలరు.

ఒక హెచ్చరిక. 'పంపబడినది' అని సెండర్ చెబితే, తరువాతి సర్వరు ఉత్తరాన్ని స్వీకరించిందని మాత్రమే అర్థం. అది చిరునామాదారుకు చేరిందనీ కాదు, ఆయన చదవగలిగారనీ కాదు. తిరిగి వచ్చే ఉత్తరాలను ఎవరో ఒకరు రోజూ చూడవలసిందే.

కాబట్టి మా మనవి ఇది. వందల మందికి పంపే ముందు తెలుగు ఉత్తరం ఒకటి మీ ఇంటి చిరునామాకే పంపుకోండి. ఇంట్లో పెద్దవారి ఫోనులో తెరిపించి చదివించండి. గడువున్న సమాచారమైతే, జవాబు రాని వారికి ఒక ఫోను చేయండి. ఖరగ్‌పూర్ పెద్దాయనకు ఈ మారు వచ్చిన ఉత్తరాన్ని ఆయన భార్య ఫోనులోనే మాకు చదివి వినిపించారు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.