సూత్రం కంటే ముందు బొమ్మ గీయించండి

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు, ఫిజిక్స్ లెక్చరర్లకు, బోర్డు పెద్దలకు మనవి.

మీ ఇంట్లో ఎంపీసీ సెకండియర్ చదివేవాళ్లుంటే ఈ ప్రశ్న అడిగి చూడండి. ఒక ధనావేశం, దానికి ఎదురుగా అంతే పరిమాణంలో ఒక రుణావేశం. సరిగ్గా నడుమ విద్యుత్ క్షేత్రం ఎంత? చాలామంది ‘సున్నా’ అనేస్తారు. ప్లస్సూ మైనస్సూ కొట్టుకుపోయాయని వాళ్ల లెక్క. అక్కడ సున్నా అయ్యేది పొటెన్షియల్. ఆ చోట చిన్న ధనావేశాన్ని పెడితే ఒకటి నెడుతుంది, రెండోది లాగుతుంది, రెండూ ఒకే వైపుకు! క్షేత్రం రెట్టింపవుతుంది. రెండు బాణాలు గీసుకుని ఉంటే ఇంత పొరపాటు జరగదు.

గీయరు, షార్ట్‌కట్ ఉంది కాబట్టి. 4, 1 మైక్రోకులూంబ్‌ల ధనావేశాలు 30 సెం.మీ. ఎడంగా ఉంటే, చిన్నదాని నుంచి 10 సెం.మీ. దగ్గర క్షేత్రం సున్నా అని అరనిమిషంలో చెబుతారు. చిన్నదాన్ని రుణావేశం చేయండి. ఆ బిందువు నడుమ నుంచి తప్పుకుని చిన్నదానికి అవతల 30 సెం.మీ. దూరానికి పోతుంది. ఎందుకంటే మాత్రం ‘సూత్రంలో గుర్తు మారింది సార్’ అంటారు.

బలరేఖల ఊహ ఇచ్చిన మైకేల్ ఫారడే బుక్ బైండింగ్ పని నేర్చినవాడు, గణితం పెద్దగా రాదు. ఆయన గీతల మీదే మాక్స్‌వెల్ గణితం కట్టాడు. మన క్లాసుల్లో ఆ వరస తలకిందులైంది.

అందుకే పాఠం మొదటి మూడు పీరియడ్లూ గీతలకే ఇవ్వండి. +4 నుంచి 16 గీతలు బయల్దేరితే −1 దగ్గర 4 ఆగుతాయి, మిగిలిన 12 బయటికి పోతాయి. దూరం నుంచి చూస్తే అక్కడున్నది +3 ఆవేశమే. గాస్ నియమం చెప్పకముందే సగం తెలిసిపోయింది కదా! గాజు పళ్లెంలో ఆముదం పోసి, పల్చగా బొంబాయి రవ్వ చల్లి, కరెంటును కట్టడి చేసే ల్యాబ్ హై వోల్టేజి యూనిట్‌కు కలిపిన రెండు లోహపు మొనలు ముంచితే రవ్వ గింజలు బలరేఖల వెంట బారులు తీరతాయి. ఇది లెక్చరరే చేసి చూపాలి, ఇంటి ప్లగ్గుతో ఎవరూ ప్రయత్నించకూడదు.

సిలబస్ అవదంటారా? జేఈఈ మెయిన్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉందని గుర్తుచేయండి. బోర్డు కూడా బాణాలు గీసి క్షేత్రం సున్నా అయ్యే చోటు ఏ వైపుందో చూపమని రెండు మార్కుల ప్రశ్న ఒకటి ఇవ్వాలి. పరీక్షలో లేనిది క్లాసులో ఉండదు.

ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల జాబితాతో పాటు ఫిజిక్స్ నోట్సూ అడగండి. ఈ పాఠంలో పిల్లలు సొంతంగా గీసిన బొమ్మలెన్నో లెక్కపెట్టి ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడండి.