ఊక పరిశోధన ఊకదంపుడు కారాదు

పసలేని ప్రసంగాన్ని మనవాళ్ళు ‘ఊకదంపుడు’ అంటారు. గింజ లేని ఊకను ఎంత దంచినా చేతులు నొప్పులే తప్ప చేటలోకి బియ్యం రావు గదా! అలాంటి ఊకనే నేడు రసాయన శాస్త్రం నెత్తిన పెట్టుకుంది. ఊక బూడిద, కొబ్బరి చిప్పల బొగ్గు, అరటి తొక్కల వంటి వాటి మీద లోహాల నానో కణాలను నిలిపి ఉత్ప్రేరకాలు తయారు చేసే పరిశోధన ప్రపంచమంతటా సాగుతోంది. గుడివాడ వరి, దివిసీమ అరటి, కొబ్బరి చూస్తూ పెరిగిన మనకు ఇంతకంటె అనువైన విషయం ఏముంటుంది? అయితే ఈ పని కూడా ఊకదంపుడు కాకుండా ఉండాలంటే కొన్ని సంగతులు నిర్మొహమాటంగా చెప్పుకోక తప్పదు.

ఉత్ప్రేరకం మనకు కొత్తదేమీ కాదు. సన్నని నికెల్ పొడితో హైడ్రోజన్‌ను పదార్థాలకు జతచేసే పద్ధతికి పాల్ సబాటియే 1912లో నోబెల్ బహుమతి పొందాడు. మన ఇళ్ళకు వచ్చిన డాల్డా ఆ విద్య చలవే. పొడి ఎంత సన్ననైతే పని అంత చురుకు. సెంటీమీటరు ఘనం లోహాన్ని 10 నానోమీటర్ల ఘనాలుగా కోయగలిగితే వాటి ఉపరితలం మొత్తం 600 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు 15 సెంట్ల స్థలం!

చిక్కల్లా, ఈ కణాలు ఊరికే ఉండవు. ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి. అందుకే వాటికొక ఆధారం కావాలి. బోయపాటి మనోరంజన్ చౌదరి, లక్ష్మీకాంతం గార్ల బృందం హైదరాబాదులోని ఐ.ఐ.సి.టి.లో పల్లేడియం నానో కణాలను పొరలు పొరలుగా ఉండే హైడ్రాక్సైడ్ మీద నిలిపి 2002లో ప్రచురించిన పని ఈ బాటలో చెప్పుకోదగ్గది. మన ప్రాంతంలో ఆ ఆధారం మిల్లు వెనకే ఉంది. 75 కిలోల ధాన్యం బస్తా మర పట్టిస్తే రమారమి 15 కిలోల ఊక, దాన్ని కాలిస్తే 3 కిలోల బూడిద. అందులో నూటికి 90 పాళ్ళ దాకా సిలికాయే.

బందరు, పెడన కలంకారీలోనూ ఈ శాస్త్రపు ఛాయ ఉంది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, బెల్లం నీళ్ళలో ఇనుప తుక్కు నానబెట్టి తీసిన ద్రవం అద్దితే నలుపు దిగుతుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుమును పట్టుకోవడమే కిటుకు. ఆకుల కషాయంతో లోహ లవణాలను నానో కణాలుగా మార్చే నేటి పద్ధతిలోనూ ఇలాంటి పదార్థాలదే ముఖ్య పాత్ర.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక అసలు ప్రశ్నలు.

మొదటిది: ఊక నిజంగా వ్యర్థమేనా? మిల్లు బాయిలరుకు, ఇటుక బట్టీకి అదే వంటచెరకు. వ్యర్థం పేరుతో వాళ్ళ ఇంధనానికి పోటీ వెళ్ళడం కంటే, వాళ్ళు పారబోసే బూడిదనో, కాలువల్ని కమ్మేసే గుర్రపుడెక్కనో తీసుకోవడం న్యాయం.

రెండవది: రంగు పోయిందా, దాక్కుందా? రంగునీళ్ళలో పొడి వేయగానే రంగు విరిగితే సంబరపడతాం. కాని లోహం లేని ఉత్త బూడిద, బొగ్గు కూడా రంగును పీల్చుకుంటాయి. లోహం లేకుండా ఒకసారి చేసి చూడందే అది ఉత్ప్రేరకమని ఎలా నమ్మడం? పైగా పసుపుపచ్చని నైట్రోఫినాల్‌తో చేసే పరీక్షలో సోడియం బోరోహైడ్రైడును అవసరానికి ఎన్నో రెట్లు పోస్తారు. అదేమీ సాధు పదార్థం కాదు. దాన్ని లెక్కలోకి రానివ్వకుండా ‘హరిత రసాయనం’ అనడం ఏ ధర్మం?

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటె పెద్దది: లోహం ఆధారం మీదే నిలిచిందా, నీళ్ళలోకి జారిందా? కాలువ చివరి ప్రాంతం మనది. ఆ నీళ్ళనే చెరువులకు పెట్టుకుని తాగే ఊళ్ళు మనవి. రంగు తీసే నెపంతో నికెలో, వెండో కలిపి వదిలితే అది శుద్ధి కాదు, కంటికి కనపడే మురికికి బదులు కనపడని మురికి.

“మా ల్యాబులో అంత పరికరాలెక్కడివండీ?” అంటారు కొందరు. పెద్ద యంత్రాలు లేకపోవడం నిజమే. కాని చర్య సగంలో ఉండగా వేడిమీదే వడకట్టి, ఆ తేటలో చర్య ఇంకా సాగుతోందేమో చూడటానికి గరాటు, వడపోత కాగితం చాలు. సాగిందంటే లోహం జారిందన్న అనుమానం బలపడినట్టే. వాడిన పొడినే కడిగి, ఆరబెట్టి, మళ్ళీ మళ్ళీ వాడి చూడటానికి కావలసింది ఓపిక. స్వేదన జలంతో సరిపెట్టుకోకుండా పెడన అద్దకం నీళ్ళు ఒక సీసాడు తెచ్చుకోవడానికి బస్సు చార్జీలు చాలు.

కాబట్టి మిత్రులారా, అధ్యాపకులారా! ఇకపై ఈ విషయం మీద మన కాలేజీలో రాసే ప్రతి ప్రాజెక్టు రిపోర్టులో ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఉండి తీరాలని నియమం పెట్టుకుందాం. ప్రయోగం విఫలమైతే ఆ సంగతే రాద్దాం. దానికి మార్కులు కోయవద్దని పెద్దలను కోరుదాం. అనుకూలమైన అంకెలు మాత్రమే ఏరి అచ్చు వేసుకుంటే మిగిలేది పొట్టే. ఊకలోంచి గింజ రాకపోవచ్చు గాని, నిజాయితీగా దంచితే నిజం రాలుతుంది.