బుద్ధుడి టాటూ వేయించుకుంటున్నారా? ధర్మం కాదనదు.. ఎయిర్‌పోర్టు మాత్రం ఆపొచ్చు!

వైజాగ్ కుర్రాళ్ల చేతుల మీద శివుడు, హనుమంతుడితో పాటు ఇప్పుడు ధ్యానంలో ఉన్న బుద్ధుడు కూడా కనిపిస్తున్నాడు. కొందరికి అది ప్రశాంతతకు గుర్తు. అంబేద్కర్ బాటలో బౌద్ధం తీసుకున్న ఇళ్లలోని యువతకైతే అది ఆత్మగౌరవం. ఇంకొందరికి డిజైన్ నచ్చింది, అంతే. మరి బౌద్ధం దీనికి ఒప్పుకుంటుందా?

సూటిగా చెప్పాలంటే, గృహస్థులకు పచ్చబొట్టు వద్దనే నియమం పంచశీలలో లేదు. అందులో ఉన్నవి ఐదే. ప్రాణం తీయొద్దు, ఇవ్వనిది తీసుకోవద్దు, కామంలో తప్పుదారి పట్టొద్దు, అబద్ధమాడొద్దు, మత్తు జోలికి పోవద్దు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించినప్పుడు అంబేద్కర్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లోనూ పచ్చబొట్టు ఊసే లేదు. భిక్షువుల నియమాలున్న వినయ పిటకంలో మాత్రం కాస్త దగ్గరగా ఒక మాట ఉంది. శిక్షగా ఒంటి మీద ముద్ర వేయించుకున్నవాళ్లకు సన్యాస దీక్ష ఇవ్వొద్దని. కానీ అక్కడ గొడవ చర్మం మీది గుర్తు గురించి కాదు. దోషులను చేర్చుకుంటే జనం సంఘాన్ని వేలెత్తి చూపుతారని.

థాయ్‌లాండ్‌లో అయితే కథే వేరు. అక్కడ కొన్ని బౌద్ధాలయాల్లో భిక్షువులే స్వయంగా మంత్రాక్షరాల పచ్చబొట్లు పొడుస్తారు. 'సక్ యంత్' అంటారు. బ్యాంకాక్‌కు దగ్గర్లోని వాట్ బాంగ్ ఫ్రా ఆలయం దీనికి పెట్టింది పేరు. అదే దేశంలో, బుద్ధుడు అలంకారానికో టాటూకో కాదంటూ పెద్ద పెద్ద బోర్డులు కూడా కనిపిస్తాయి. వినడానికి విడ్డూరంగా ఉన్నా లెక్క ఒకటే. గురువు దగ్గర నియమంతో, నడుముకు పైన వేయించుకుంటే భక్తి. పిక్క మీదో, పాదం మీదో బుద్ధుడి ముఖం వేయించుకుంటే అవమానం. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే శ్రీలంకలో చెయ్యి కూడా కలిసిరాలేదు. 2014 ఏప్రిల్‌లో కుడి చేతి మీద పద్మంలో కూర్చున్న బుద్ధుడి టాటూ ఉందని ఓ బ్రిటిష్ నర్సును కొలంబో ఎయిర్‌పోర్టులోనే అదుపులోకి తీసుకున్నారు. నిర్బంధంలో ఉంచి, దేశం నుంచి పంపించేశారు. ఆమె బుద్ధుణ్ని వెక్కిరించే మనిషి కూడా కాదు, స్వయంగా బౌద్ధాన్ని పాటిస్తున్నానని చెప్పుకుంది. ఆమె కోర్టుకెక్కింది. 2017లో శ్రీలంక సుప్రీంకోర్టు ఆమె హక్కులకు భంగం కలిగిందని తేల్చి, అక్కడి రూపాయల్లో 8 లక్షలు ఇవ్వాలని చెప్పింది. న్యాయం దక్కింది, నిజమే. మూడేళ్ల తర్వాత! మయన్మార్‌లోనూ కాలి మీద బుద్ధుడి టాటూ ఉన్న విదేశీ టూరిస్టులను వెనక్కి పంపేశారు.

వీటితో విశాఖకు పనేంటి అనొచ్చు. ఇది ఓడరేవు ఊరు. మర్చంట్ నేవీలో చేరి ఓడ ఎక్కే కుర్రాళ్లు ఇక్కడ వీధికొకరు దొరుకుతారు. ఓడ ఏ దేశంలో ఆగుతుందో వాళ్ల చేతిలో ఉండదు. పైగా 2024 ఏప్రిల్‌లో ఇక్కడి నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం మొదలైంది. బీచ్‌లో షార్ట్స్ వేసుకున్నప్పుడు పిక్క మీది బుద్ధుడు ఎవరికీ కనపడకుండా ఉండడు కదా.

అసలు తమాషా ఏంటంటే, ఈ కాళ్ల గొడవకు పూర్తిగా తిరగేసిన బొమ్మ మన ఊళ్లోనే ఉంది. భీమిలి రోడ్డులో తొట్లకొండ. 1976లో నేవీ ఏరియల్ సర్వే చేస్తుంటే బయటపడ్డ రెండు వేల ఏళ్ల నాటి ఆరామం. అక్కడి తవ్వకాల్లో బుద్ధపాదాలు దొరికాయి. స్వస్తిక, శ్రీవత్సం లాంటి అష్టమంగళ చిహ్నాలు చెక్కిన రాతి పాదాలవి. తొలినాళ్ల ఆంధ్ర బౌద్ధులు బుద్ధుడికి మనిషి రూపం ఇవ్వడానికే వెనకాడారు. అమరావతి తొలి శిల్పాలు చూసినా అంతే. పాదాలు, ఖాళీ సింహాసనం, బోధివృక్షం.. ఆయన ఉన్నాడని చెప్పడానికి అవే చాలు. అంటే అప్పుడు గుర్తులున్నది బుద్ధుడి పాదం మీద. ఇప్పుడు బుద్ధుడే మన కాలి మీద గుర్తయ్యాడు. బౌద్ధ దేశాల్లో చాలామందికి కోపం వచ్చేది సరిగ్గా ఇక్కడే.

ఇక సరిహద్దు దాటనివాళ్లకూ ఓ చిక్కుంది. స్టీల్ ప్లాంట్‌కు కాపలా కాసే సీఐఎస్ఎఫ్‌లో చేరాలన్నది ఇక్కడ చాలామంది కుర్రాళ్ల కల. కేంద్ర బలగాల కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో టాటూకు రూల్ స్పష్టంగా రాసి ఉంటుంది. దేవుడి బొమ్మ, మత చిహ్నం, పేరు ఉంటే ఇబ్బంది లేదు. ఇబ్బందంతా చోటుతోనే. ఎడమ చేతి ముంజేయి లోపలి వైపు లేదా అరచేతి వెనక వైపు మాత్రమే ఉండాలి. కుడి ముంజేయి కుదరదు, సెల్యూట్ చేసే చెయ్యి కాబట్టి. సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువే ఉండాలి.

అంటే మోచేతి నుంచి మణికట్టు దాకా పరుచుకున్న బుద్ధుడు, ఎంత భక్తితో వేయించుకున్నా, మెడికల్ టెస్టులో అడ్డం పడతాడు. లేజర్‌తో తీయించుకోవచ్చు గానీ ఒక్క సిట్టింగ్‌తో పోదు. ఒక్కో సిట్టింగ్‌కూ మధ్య వారాల గ్యాప్ ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే టైమ్ సరిపోకపోవచ్చు.