ఎడమకాలి పాఠం

నాంపల్లికి చేరువనున్న నేటి లాల్ బహదూర్ క్రీడాప్రాంగణమే ఒకనాటి ఫతేమైదానం. హైదరాబాదు ఫుట్‌బాల్ ప్రాభవాన్ని తలచినప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరే ముందు స్ఫురిస్తుంది. ఉపాధ్యాయుడైన ఆయన, కుడివాటం ఆటగాడు ఎడమకాలితోనే బంతిని తన్నవలెనని నియమం పెట్టి పోటీలు నడిపారు. ఆయన శిక్షణలో నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత ఆటగాళ్ళు పలువురు వట్టికాళ్ళతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన పిదప బూట్లు తప్పనిసరి అయినాయి. పదేళ్ళకు, 1962లో, రహీమ్ శిష్యులు జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించారు.

నేడు గుండె వేగాన్నీ, పరుగు దూరాన్నీ కొలిచే పరికరాలున్నాయి. అవి మేలైనవే. కాని రుసుము చెల్లించలేని బస్తీ బాలునికి అవి అందవు. రహీమ్ పోటీలకు కావలసినవి బంతి, మైదానం, ఓపిక గల ఒక ఉపాధ్యాయుడు మాత్రమే.