గోడనంటి దొర్లే కణాలు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895లో జన్మించినది మన భీమవరంలోనే. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధనల ఫలమైన మెథోట్రెక్సేట్ ఔషధాన్ని ఎముక మజ్జ మార్పిడి పొందిన రోగులకు నేటికీ ఇస్తున్నారు. దాత కణాలు రోగి దేహంపై తిరగబడకుండా అది అదుపుచేస్తుంది. అట్టి ఊరిలోనే మజ్జ దానమంటే జనం వణికిపోవడం విచారకరం.

తలసీమియా బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కించే తల్లిదండ్రులు, మార్పిడి ప్రస్తావన రాగానే, "వెన్నులో నుండి తీస్తారటగా హజ్రత్, రెండో బిడ్డ నడుము పడిపోదా?" అని అడుగుతుంటారు. వెన్నుపాము వేరు, మూలుగ వేరు. మూలుగను మత్తు ఇచ్చి తుంటి ఎముక వెనుకభాగం నుండి తీస్తారు. దేహం కొద్ది వారాలలో ఆ లోటును పూడ్చుకుంటుంది. పెద్దవారైన దాతలకైతే నాలుగైదు రోజులు సూదిమందు ఇచ్చి, మూలకణాలను రక్తంలోకి రప్పించి, యంత్రంతో వేరుచేసే పద్ధతి కూడా ఉన్నది.

ఇక ఆశ్చర్యకరమైన సంగతి. ఆ కణాలను రోగి ఎముకలో పెట్టరు. రక్తం ఎక్కించినట్లే నరంలోకి వదులుతారు. అవే మూలుగను చేరుకుంటాయి! మూలుగలోని రక్తనాళాల గోడలపై సెలెక్టిన్ అనే జిగట మాంసకృత్తులు ఉంటాయి. కాలువలో కొట్టుకుపోయే గుర్రపుడెక్క గట్టును రాసుకుంటూ నెమ్మదించినట్లు, మూలకణాలు ఆ గోడను అంటి దొర్లుతూ ఆగి, లోపలికి చొరబడతాయి.

ఈ ప్రకృతి ఏర్పాటునే అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ కింగ్ బృందం అనుకరించింది. సన్నని గొట్టం లోపలిభాగానికి సెలెక్టిన్ పూసి, ఎలుకల రక్తప్రవాహంలో అమర్చి, మూలకణాలు గొట్టపు గోడకు చిక్కుతున్నాయని 2008లో ప్రకటించింది. ప్రస్తుత ప్రయోగశాలలలో ఈ కణాలను ఏరడానికి వాడేది వేరొక ఉపాయం. సీడీ34 అనే గుర్తును పట్టుకునే ప్రతిరక్షకాలకు సూక్ష్మమైన అయస్కాంతపు పూసలు తగిలించి లాగుతారు. అదీ మంచిదే, కాని దేహం తానే పాటించే మార్గం నా మనసుకు మరింత నచ్చింది.

అయితే ఎలుకలలో ఫలించినది ఆసుపత్రికి చేరినట్లు కాదు. ఆ గొట్టం కోసం ఎదురుచూస్తూ బిడ్డ చికిత్సను వాయిదా వేయరాదు. తోబుట్టువులలో ఒక్కొక్కరి కణాలు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ హెచ్‌ఎల్‌ఏ పరీక్షకు కొద్దిపాటి రక్తం, లేదా బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనా చాలు. నడుము జోలికి ఎవరూ పోరు.