మిర్చికి 24 అక్షరాలు

“మెయిల్ సబ్జెక్టు ఇంగ్లీషులోనే పెట్టండి సార్, తెలుగు పెడితే చెడిపోతుంది.” గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కోల్డ్ స్టోరేజీ గుమస్తా మొదలు జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ చూసే కుర్రాడి దాకా ఈ మాట వేదవాక్కులా చెల్లుతోంది. దాని తోకకు ఇంకో మాట: “మనవాళ్ల ప్రోగ్రాం పెర్ల్‌ది. పాతకాలపు భాష, దానికి తెలుగేం తెలుసు?” రెండూ తప్పే.

గాలిలోంచి పుట్టిన మాటలు కావివి, ఒప్పుకుంటాను. ఒక ఆఫీసు నుంచి వచ్చిన ధరల మెయిల్లో ‘తేజ’ అనే మిర్చి రకం పేరు మధ్య నల్లటి ప్రశ్నార్థకం నేను కళ్లారా చూశాను. ఎకరాలకెకరాలు తేజ వేసిన రైతు ఆ పేరును మెయిల్లో చదువుకోలేకపోయాడు. దానికి కారణం తెలుగూ కాదు, పెర్లూ కాదు.

మెయిల్ మోసే ఎస్ఎంటీపీ తొలి నియమాలు 1982 నాటివి. వాటికి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులే తెలుసు. మిగతా ప్రపంచపు లిపులన్నీ ఆ దారినే పోవాలి కాబట్టి 1992లో మైమ్ పద్ధతి వచ్చింది: ఏ లిపినైనా ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పంపు, అవతల తిరిగి విప్పు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు. బేస్64 పద్ధతిలో 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. ‘మిర్చి’లో గుణింతాలు, పొల్లు కలిపి 6 గుర్తులు, అంటే దారిలో 24 అక్షరాలు. ఇలా చుట్టిన ఒక్కో మూట 75 అక్షరాలు దాటకూడదని, ఏ గుర్తునూ రెండు మూటలకు చీల్చకూడదని 1996 నాటి నియమం.

ఇప్పుడు ‘గుంటూరు యార్డు తేజ మిర్చి నేటి ధర’ అనే సబ్జెక్టు తీసుకోండి. ఖాళీలతో కలిపి 89 బైట్లు. మూటకట్టు గుర్తులు పోగా ఒక మూటలో పట్టేది 45 బైట్లు. నియమం చదవని ప్రోగ్రామర్ కళ్లు మూసుకుని 45 దగ్గర కోస్తాడు. ఆ కోత సరిగ్గా ‘తేజ’ ఏత్వం మీద పడుతుంది. దాని మొదటి బైటు ఒక మూటలో, మిగతా రెండూ ఇంకో మూటలో. నేను చూసిన ప్రశ్నార్థకం పుట్టేది ఇలాంటి కోతలోనే. ఒక్క బైటు ముందు, 44 దగ్గర కోస్తే రెండు మూటలూ చక్కగా సరిపోతాయి.

ఆ లెక్క మనం వేసుకోనక్కరలేదు. పెర్ల్ వాళ్ల సీపాన్ భాండాగారంలో ఈమెయిల్::మైమ్ అనే మాడ్యూల్ ఉంది. దాని హెడర్_స్ట్ర్ అమరికకు తెలుగు వాక్యాన్ని వాక్యంగా ఇస్తే గుర్తులు చీలకుండా అదే మూటలు కడుతుంది. పంపడానికి ఈమెయిల్::సెండర్ ఉంది. ఆ ‘పాత’ భాషకు అక్షరాల మార్పిడి చూసే ఎన్‌కోడ్ మాడ్యూల్ 2002లో, 5.8తోనే సొంత సామానుగా వచ్చింది. 2024లోనూ పెర్ల్‌కు 5.40 విడుదలైంది. చచ్చిన భాషకు కొత్త విడుదలలు ఉండవు.

మరి చెడేదెక్కడ? ఎప్పటిదో మైమ్::లైట్ మాడ్యూల్ నమూనా ఎక్కడినుంచో ఎత్తి పెట్టుకుంటారు. దాన్ని వాడొద్దని, ఈమెయిల్::మైమ్ వంటివి చూసుకోమని మైమ్::లైట్ పత్రంలో దాని నిర్వాహకుడే రాశాడు. ఆ పత్రం తెరిచేవాళ్లు తక్కువ. ఇంకొందరు ప్రోగ్రాంలో తెలుగు రాసి, పైన ‘యూజ్ యూటీఎఫ్8’ అన్న వరుస మరిచిపోతారు. అప్పుడు పెర్ల్ ఒక్కో బైటునూ ఒక్కో అక్షరమనుకుని మళ్లీ మారుస్తుంది. 3 బైట్ల ‘మ’ 6 బైట్లవుతుంది, అవతల పిచ్చి గీతలు కనిపిస్తాయి. పైథాన్‌లోకి మారినా, బైట్లకూ అక్షరాలకూ తేడా తెలియనివాడు అక్కడా మరో రకంగా బోల్తా పడతాడు.

“సబ్జెక్టే కదా, ఇంగ్లీషులో ఉంటే ఏం పోయింది?” అంటారు. యార్డులో ‘తాలు’ అనే నాసిరకానికి, మేలు రకానికి మధ్య క్వింటాకు వేల రూపాయల తేడా. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అది తాలో, తలో, టాలో చదివేవాడి ఇష్టం. సరుకు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్న రైతు ఆ ఒక్క వరుస చూసి అమ్మాలో ఆగాలో తేల్చుకుంటాడు.

మీ ఆఫీసు ప్రోగ్రాంలో సబ్జెక్టు తయారయ్యే చోటు ఈ సాయంత్రమే తెరవండి. ‘యూజ్ యూటీఎఫ్8’ వరుస ఉందో లేదో, మూట ఎవరు కడుతున్నారో చూడండి. పైన చూసిన ‘తేజ’ సబ్జెక్టుతోనే మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. ఏత్వం నిలిచిందంటే రేపటి ధరల మెయిల్ తెలుగులోనే వెళ్లొచ్చు.