గృహ వ్యవహారములు: వాయిదాలపై మల్గి కొనుట

నవీపేట వంటి పసుపు సీమలో నాలుగు రూపాయలు కూడినచో, అద్దెకిచ్చుటకొక మల్గి కొనవలెనని ఇల్లాండ్రు తలచుట సహజము. భర్త గల్ఫు దేశమున నుండగా బేరము నడుపవలసినది వారే. బ్యాంకు అప్పు దొరకనిచోట అమ్మువాడే, “సగం ఇప్పుడియ్యక్కా, మిగిలింది మెల్లగ మిత్తితో ఇయ్యి” యనును.

మాట చెవికింపుగనే యున్నది. కాని బాకీ తీరువఱకు సొత్తు ఎవరి పేర నుండును? బయానా యిచ్చి, తెల్లకాగితము నమ్మి, రిజిస్ట్రీని చివరకు వాయిదా వేసికొన్నవారు, ఈలోగా అమ్మినవాడు మఱొకరికి వ్రాసి యిచ్చినచో కోర్టు మెట్లెక్కవలసినదే. మేకల సంతలో పండ్లు చూడనిదే మేకను కొనని మనము, మల్గి కడ కాగితము చూడకుందుమా? సాదా బైనామాల కష్టము తెలంగాణమున ఎఱుగనివారు లేరు. సాగుభూముల విషయమున 2025 నాటి భూభారతి చట్టము సహితము, 2014 జూన్ 2కు పూర్వము కొని 2020లో అర్జీ పెట్టుకొన్న చిన్న రైతులకే దారి చూపినది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను ప్రకారము, వెలలో కొంత చెల్లించి తక్కినది చెల్లింతునని మాటయిచ్చినను విక్రయము విక్రయమే. కావున ముందే రిజిస్ట్రీ చేయించుకొని, మిగులు సొమ్మును, వాయిదా తేదీలను దస్తావేజులోనే వ్రాయింపవచ్చును. అమ్మువాడు జంకినచో, రావలసిన పైకమునకు ఆ సొత్తుమీదనే అతనికి 55వ సెక్షను హక్కు నిలిపినదని చెప్పుడు. అప్పటికిని ఒప్పనిచో, ఆ మల్గినే అతనికి తనఖా వ్రాయవచ్చును. అదియును కాదన్నచో అగ్రిమెంటునైనను రిజిస్టరు చేయింపవలెను. తెల్లకాగితమునకు మాత్రము మేము బయానా యియ్యము.

ఇక మిత్తి. నూటికి రెండు రూపాయలన్న చిన్నదిగా దోచును. అది ఏటికి 24. ఆరు లక్షల బాకీపై నెలకు 12,000! మల్గి అద్దె 5,000 వచ్చినచో తక్కిన 7,000 మన వంటింటినుండియే పోవలెను. వెల 50,000 హెచ్చించియైనను మిత్తిని ఒక రూపాయికి దింపుడు. ఆరున్నర లక్షలపై ఏటికి 78,000 మాత్రమగును, మునుపటిది 1,44,000. హెచ్చించిన వెల పోయినను మొదటి యేటనే 16,000 మిగులును. చెల్లించినంత అసలుపై మిత్తి ఆగవలెనని కూడ వ్రాయింపుడు.

నెలనెల వాయిదా జీతగాండ్రకు తగును. పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి నిజామాబాదు యార్డుకు చేర్చి సొమ్ము కండ్లజూచువారు ఏప్రిలు నెలాఖరు వాయిదా నడుగవలెను. ధర పడిన యేడు రెండు నెలల గడువును ముందే కోరుడు.

చెల్లింపులన్నియు బ్యాంకు ద్వారానే జరుగవలెను. ఆ మల్గిపై పాత తనఖాలేమైన నున్నవేమో తెలుపు ఈ.సీ.ని బయానాకు ముందొకమాఱు, రిజిస్ట్రీకి ముందు మఱొకమాఱు తీయించి చూడుడు.